ఒక్క పచ్చ టిక్లీ

మార్చి ఆరో తారీఖు. ఆ మధ్యాహ్నం వేపచెట్టు కింద ఆడవాళ్ళు తిన్నది కడక్ జొన్నరొట్టె, వెల్లుల్లి వేసి దంచిన పల్లీల శేంగా చట్నీ, పార్వతీబాయి ఇంటి నుంచి తెచ్చిన గడ్డపెరుగు. రొట్టె విరిస్తే పెంకు విరిగినంత చప్పుడు. మల్లమ్మకు పళ్ళు కదులుతున్నాయని తెలిసి, పార్వతీబాయి ఆమె వాటా రొట్టెను ముందే పెరుగులో నానబెట్టి ఇచ్చింది. మామూలుగా మల్లమ్మకు తారీఖులు గుర్తుండవు. ఆ తారీఖు మాత్రం గుర్తుండిపోయింది. ఆ రొట్టె తిని కడుక్కున్న చేత్తోనే ఆమె ఒక పచ్చ టిక్లీ బిళ్ళ అంటించింది.

నీలం నగర్‌లో మరమగ్గాల షెడ్ల వెనక ఒక ఖాళీ జాగా ఉంది. వెనకటి చేనేతవాళ్ళు పొద్దున్నే పడుగులు చాపి గంజి పట్టించిన జాగా అది. ఆనాటి ఇనుప గుంజలు రెండు ఇంకా అక్కడే పాతుకుని ఉన్నాయి. ఒకదానికి ఎవరో మేకను కడతారు, రెండోదానికి పార్వతీబాయి సంచీ తగిలిస్తుంది. నడుమ వేపచెట్టు. పొద్దున బీడీ కంపెనీ బ్రాంచికి పోయి, చుట్టిన బీడీలు అప్పజెప్పి, ఆకూ జర్దా పొగాకూ తెచ్చుకున్న ఆడవాళ్ళు మధ్యాహ్నానికి చాటలు చంకన పెట్టుకుని ఆ నీడకు చేరతారు. తడిగోనె విప్పి తునికాకు తీస్తారు, రేకు పెట్టి కత్తిరిస్తారు, చిటికెడు జర్దా పరిచి చుట్టి, కొన మడిచి దారం వేస్తారు. చేతులు ఆగవు, నోళ్ళు అసలే ఆగవు.

మిగతావాళ్ళకు ఆ చెట్టు కింద కూచోవడం హాయి. మల్లమ్మకు వేరే దారి లేదు. ఇల్లు ఒకటే గది. ఏడాది నిండని మనవరాలు కావ్య జర్దా ధూళికి దగ్గి దగ్గి ఊపిరందక పెదవులు నల్లబడితే, దవాఖానకు ఎత్తుకుని పరుగెత్తారు. పిల్ల ఉన్న గదిలో తంబాకు వాసన కూడా ఉండకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. అప్పటి నుంచీ జర్దా బుట్ట గడప బయటనే. మల్లమ్మ సాయంత్రం చేతులు సబ్బుతో తోముకుని, చీర మార్చుకుని గానీ పిల్లను ముట్టదు. పోనీ బీడీలు మానుదామంటే కొడుకు సంతోష్ మగ్గం కూలీ ఒక్కదానితో ఇల్లు గడవదు. ఆ నీడ ఉన్నంత కాలం పనీ ఉంటుంది, పిల్లా చల్లగా ఉంటుంది.

ఆ జాగాలో మునిసిపాలిటీవాళ్ళు చిన్న తోట కడతారన్న మాట వచ్చి కొన్నాళ్ళయింది. ఇప్పుడు కొత్త పద్ధతట, వాడలో వాళ్ళను అడిగి కడతారట. అడగడానికి ఋతుజ అనే పిల్ల వచ్చింది. పుణె సంస్థ పంపిన పిల్ల. ఎండకు ముఖం కందిపోయినా నవ్వు తగ్గలేదు. పెద్ద అట్ట తెచ్చి చెట్టుకు ఆనించింది. దాని మీద బొమ్మలు. రేకుల షెడ్డు, నీళ్ళ నల్లా, చెట్టు చుట్టూ అరుగు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, ఉయ్యాల, పచ్చిక, ఇనుప కంచె, తాళం వేసిన గేటు. పొద్దున ఆమె వాడ మగవాళ్ళను పోగుచేసి, కావాలనుకున్నదాని మీద పచ్చ టిక్లీ, వద్దనుకున్నదాని మీద ఎర్ర టిక్లీ అంటించాలని మరాఠీలో శుభ్రంగా చెప్పింది. వాళ్ళు విని, అంటించేది తర్వాత చూద్దామని మగ్గాలకు పోయారు. ఆ పొద్దున ఆడవాళ్ళంతా బ్రాంచి ముందు లైన్లో నిలబడి ఉన్నారు. వాళ్ళు వచ్చి, తిని, అట్ట దగ్గరకు పోయేసరికి ఋతుజ మగ్గాల మోత భరించలేక సందు మలుపులో ఒక చెవి మూసుకుని ఫోన్ మాట్లాడుతోంది. వాడ కమిటీ పెద్ద దత్తాత్రి మోటారుసైకిలు ఎక్కుతూ, నచ్చినవాటి మీద టిక్లీలు పెట్టుండ్రి అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

స్టూలు మీద రెండు రకాల కాగితాలున్నాయి. ఎర్ర గుండ్రాలున్న కాగితం అచ్చం బజార్లో కొనుక్కునే టిక్లీల అట్టలాగే ఉంది. మగ్గం కొత్తగా బిగించినా, పెళ్ళికి పిలవబోయినా, కొత్త చాట కొని తెచ్చినా ఆ ఇళ్ళలో మొదట పెట్టేది ఎర్రబొట్టు. కావాలనుకున్నదానికి బొట్టు పెట్టమని వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పచ్చ కాగితం వైపు ఎవరూ చూడనైనా లేదు.

పార్వతీబాయి ముందు పడింది. ఎర్రది ఒకటి గోటితో లేపి, షెడ్డు బొమ్మ నడినెత్తిన అంటించి, బొటనవేలితో నొక్కింది. ముత్తయిదువు నొసట నొక్కినట్టే. తర్వాత వరసగా అందరూ. షెడ్డుకు, అరుగుకు, నల్లాకు, మరుగుదొడ్డికి బొట్లే బొట్లు. మరుగుదొడ్డికి బొట్టు పెడుతూ ఒకామె, ఇది మా అత్త పేరు మీద అంటే అందరూ పకపకా నవ్వారు. మల్లమ్మ కూడా నవ్వుతూనే ఎర్ర కాగితం వైపు చెయ్యి చాపింది.

పార్వతీబాయి ఆ మణికట్టు పట్టుకుంది. మెల్లగానే పట్టుకుంది.

"వద్దు వదినె. శుభమా అని మొదలు వెడుతున్నం. నువ్వు పచ్చది పెట్టు, అది గూడ మంచిగనే కనవడ్తది."

దారికి అడ్డమున్న చెంబును పక్కకు జరిపినట్టు అన్న మాట అది. అందులో కోపం లేదు, కసి లేదు. మల్లమ్మకు ఇది కొత్త కాదు. భర్త రాజయ్య చనిపోయిన నాటి నుంచీ దసరా నాడు తన కత్తెరకు, తన చాటకు బొట్టు పెట్టడానికి కూడా ఆమె కుంకుమ భరిణె కోడలు పద్మ చేతికిస్తోంది. అలవాటైన దెబ్బే అయినా, తగిలిన చోట తగిలింది. పచ్చది ఒకటి తీసి, ఎర్రబొట్ల నడుమ ఖాళీ వెతుక్కుని, షెడ్డు బొమ్మ కింది మూలన అంటించింది.

ఋతుజ తిరిగొచ్చి అట్టను చూసి, ఇంతమంది పాల్గొన్నారా అని సంబరపడి ఫోటో తీసుకుంది. మల్లమ్మ చెంబు ఖాళీగా ఉందని గమనించి, తన సీసాలో నీళ్ళు సగం అందులో వంచింది. మల్లమ్మకు ఆ పిల్ల నచ్చింది.

*

హోలీ రంగులు గోడల మీద ఇంకా వెలిసిపోకముందే వేపచెట్టు మొదలుకు ఒక ఫ్లెక్సీ కట్టారు. కూలీలు వచ్చి జాగా అంచు వెంట గుంతలు తవ్వుతున్నారు. ఆడవాళ్ళు చాటలు పట్టుకుని నిలబడ్డారు. ఆ పొద్దు పిల్ల కునుకు తీసిందని పద్మ అత్తకు తాగడానికి మజ్జిగ తెచ్చింది. పదో తరగతి దాకా మరాఠీ బడిలో చదివిన పిల్ల. ఫ్లెక్సీ చదవమన్నారు.

తోట పొద్దునా సాయంత్రం మాత్రమే తెరుస్తారు. మధ్యాహ్నం గేటుకు తాళం. లోపల పచ్చిక, నడిచే బాట. తంబాకు, తంబాకు వస్తువులు లోపలికి తేరాదు. పద్మ అక్కడ ఆగింది. కింది వరసను కళ్ళతో ఒకసారి చదువుకుని, తర్వాత పైకి చదివింది. స్థానిక మహిళల అభిప్రాయం మేరకు షెడ్డు, అరుగు, నల్లా, మరుగుదొడ్డి తొలగించడమైనది.

"ఎవరి అభిప్రాయం?" అంది పార్వతీబాయి.

"మీదేనట అత్తా. ఆడోళ్ళదట."

అడక్కుండా లాక్కుంటే కనీసం లాక్కున్నారని తిట్టుకోవచ్చు. మీరే వద్దన్నారని రాసి, రంగు వేసి, వాళ్ళు కూచునే చెట్టుకే కట్టారు. బ్రాంచిలో చెకర్ బాబు మంచి బీడీలు కూడా ఏరి పక్కకు విసిరేస్తాడు, మీరే చెడగొట్టుకొచ్చారంటాడు. అచ్చం ఆ మాటలాగే ఉంది ఇది.

కోపానికి ఒక మనిషి కావాలి. ఆఫీసు దూరంగా ఉంది, మల్లమ్మ దగ్గరగా ఉంది. మొదట ఎవరన్నారో తెలియదు, షెడ్డు మీద ఒక పచ్చది పడిందన్న సంగతి గుర్తు చేశారు. అన్ని ఎర్రబొట్ల నడుమ అదొక్కటి ఎట్లానో ఉండె అని ఇంకొకరు. అందరూ పార్వతీబాయి వైపు చూశారు. ఆ చూపులకు ఆమె గొంతు పెరిగింది.

"నేను పచ్చది పెట్టుమంటిని. షెడ్డు మీదనే పెట్టుమంటినా? ఉయ్యాల మీద పెడితే ఏమాయె?"

మల్లమ్మ గోనె పరుచుకుని కూచుని, ఆకు కట్ట విప్పింది. మిగతావాళ్ళూ కూచున్నారు గానీ, ఎప్పుడూ మోకాలికి మోకాలు ఆనించి కూచునేవాళ్ళు ఆ రోజు ఒక చాట వెడల్పున ఎడం పెట్టారు. చిన్న ఎడమే. పద్మ అది చూసింది. మజ్జిగ చెంబు ఠపీమని కింద పెట్టి, ఎప్పుడూ పెద్దవాళ్ళ ముందు పెదవి విప్పని పిల్ల, టిక్లీ పెడితే ఊడిపోయే షెడ్డు ఏం షెడ్డు అత్తా, మా అత్త చెయ్యికి అంత బలముంటే గా గుంతలే పూడ్చకపోవునా అంది. తర్వాత వెళ్ళిపోకుండా, ఆ ఎడంలోకి వచ్చి కూచుని, మల్లమ్మ కత్తిరించిన ఆకులు పేర్చసాగింది. ఆమెకు బీడీ చుట్టడం రాదు. వరస తప్పుగా పేర్చింది. మల్లమ్మ సరిచెయ్యలేదు.

*

మర్నాడు వాళ్ళు అశోక్ చౌక్ దగ్గరి మునిసిపాలిటీ ఆఫీసుకు పోయారు. పార్వతీబాయి, మల్లమ్మ, చదవడానికి పద్మ. పిల్లను, ఆ పూటకు మగ్గం పని మానుకున్న సంతోష్‌కు అప్పజెప్పారు. షేర్ ఆటోలో పార్వతీబాయి మల్లమ్మ పక్కన కూచోక, డ్రైవరు పక్కన కూచుంది.

తోటల పని చూసే ఇంజనీరు భరత్ సాహెబు మర్యాదస్తుడే. కుర్చీలు చూపించాడు. ఋతుజ కూడా అక్కడే ఉంది, మూలన కంప్యూటరు ముందు. సంగతి విని భరత్ సాహెబు ఋతుజను పిలిచి, అట్ట ఫోటోను పెద్దది చేసి వాళ్ళ ముందు పెట్టాడు. షెడ్డు బొమ్మ ఎర్రబొట్లతో కప్పుకుపోయి ఉంది.

"ఎర్రదంటే వద్దని. ఇదిగో చూడండి, మీరే ఇంతమంది వద్దన్నారు. షెడ్డు కావాలని అడిగింది ఒక్కరే." వేలితో పచ్చ చుక్కను చూపించాడు.

పార్వతీబాయి ఆ వేలు చూపిన చోటును చూసింది. పద్మే గబగబా చెప్పింది. వాళ్ళ ఇళ్ళలో కావాలనుకున్నదానికి పెట్టేది ఎర్రబొట్టేనని, అది వద్దనడమని ఎవరూ చెప్పలేదని. భరత్ సాహెబుకు నవ్వొచ్చింది. టీ తెచ్చిన బంట్రోతు కూడా నవ్వాడు. తర్వాత సాహెబు నవ్వు ఆపుకుని, అయ్యో అన్నాడు. అన్నీ పైకి పోయాయి, గుత్తేదారు పని మొదలెట్టాడు, బొట్టు తప్పు పెట్టామంటే పైవాళ్ళు ఊరుకుంటారా అన్నాడు. పొద్దున అందరికీ చెప్పామన్నాడు. తంబాకు సంగతి అసలు తన చేతిలో లేదు, పిల్లలు ఆడుకునే చోట తంబాకు ఎట్లా అని అడిగాడు. చివరకు, మంచి మనసుతోనే, బీడీ కార్మికులకు ఊరి అవతల కుంభారిలో అంత పెద్ద కాలనీ కట్టారు కదా, అక్కడ కావలసినంత ఖాళీ జాగా ఉంది, అక్కడికి పోరాదా అన్నాడు.

అప్పటి దాకా మల్లమ్మ కుర్చీ అంచున కూచుని టీ కప్పు చల్లారబెడుతోంది. పిల్లలు ఆడుకునే చోట తంబాకు ఎట్లా అన్న మాట ఆమె గుండెలో గుచ్చుకుంది. పిల్లను కాపాడుకోవడానికే కదా గది విడిచి చెట్టు కిందికి వచ్చింది. ఇప్పుడు చెట్టు కింద నుంచి పిల్లల పేరు చెప్పి గదిలోకి తోస్తున్నారు. కప్పు బల్ల మీద పెట్టింది.

"పొద్దుగాల చెప్పినమంటున్నరు. పొద్దుగాల మేము బ్రాంచి ముంగట లైన్ల ఉంటం సార్. వాడల ఎవలనడిగినా చెప్తరు. ఆడోళ్ళు లేని యాళ్ళ జూసి ఆడోళ్ళకు చెప్పిండ్రా?"

భరత్ సాహెబు ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. గొంతు పెంచనూ లేదు.

"ఒక్కరే అడిగిండ్రు అన్నరు గద. ఆ ఒక్కదాన్ని నేనే. ముండమోపిదాన్నని నన్ను ఎర్రది ముట్టనియ్యలె, పచ్చది పెట్టిన. మీ లెక్కల గదే సరైంది. మరి సరిగ్గ అడిగినదాని మాట గూడ ఎందుకు తీసేసిండ్రు?"

మరాఠీ నడుమ తెలుగులో పడ్డ ముండమోపి అన్న మాట ఋతుజకు అర్థం కాలేదు, పద్మ ముఖం చూసి అర్థం చేసుకుంది. పార్వతీబాయి తలవంచుకుని తన సంచీ తాడును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, చుట్టుకుంటోంది.

ఋతుజ లేచింది. అడిగే బాధ్యత తనదని, తను ఫోన్లో ఉండి తప్పు చేశానని, మళ్ళీ అట్ట తెస్తానని, ఈసారి మధ్యాహ్నం వస్తానని చెప్పింది. భరత్ సాహెబు, పైవాళ్ళకు ఏం చెప్పాలి అన్నాడు. నేను రాసి ఇస్తాను అందా పిల్ల. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ, సరే, గుంతలు తవ్వడం మాత్రం ఆగదు అన్నాడు.

తిరుగు ఆటోలో పార్వతీబాయి వెనక సీటులో, ఎండ పడే అంచున కూచుంది. మల్లమ్మను నడుమ కూచోబెట్టింది. ఎండ తన పక్కకు తిరిగినప్పుడల్లా పార్వతీబాయి కొంగు చాపి మల్లమ్మ మీద కూడా కప్పింది. తప్పయిందని అనలేదు. ఆమె నోటికి ఆ మాట రాదు, మల్లమ్మకు తెలుసు. రానందుకు మల్లమ్మకు కోపమూ తగ్గలేదు.

*

అట్ట వచ్చిన మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు ఆగాయి. వేపాకు రాలే చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. ఋతుజ గొంతు చించుకోకుండానే అందరికీ చెప్పగలిగింది. పచ్చది కావాలనుకున్నదానికి, ఎర్రది వద్దనుకున్నదానికి. రెండుసార్లు చెప్పింది. ఒకామె, అయితే మా ఆయన బొమ్మ లేదా? ఉంటే ఎర్రది పెడుదును అంది. నవ్వులు లేచాయి గానీ తొందరగానే అణిగాయి. భరత్ సాహెబు కూడా వచ్చి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ గుంతల పక్కన నిలబడ్డాడు.

ఈసారి ఎవరూ ముందుకు పడలేదు. పార్వతీబాయి స్టూలు మీది రెండు కాగితాలూ తీసి, గోనె మీద కూచున్న మల్లమ్మ దగ్గరకు వచ్చింది. వంగి రెండూ ఆమె ముందు చాపింది.

"ముందుగాల నువ్వు వదినె."

ఆడవాళ్ళ చేతులు చాటల్లో ఆగిపోయాయి. మల్లమ్మ ఆమె ముఖం చూసింది. చెమటకు కరిగి ముక్కు మీదికి జారిన బొట్టు కింద, ఆ ముఖంలో ఎన్నడూ లేనంత భయం ఉంది. పచ్చది తీసుకుంటుందని అందరూ అనుకున్నారు. షెడ్డు అడగాలంటే పచ్చదే కదా. మల్లమ్మ చేతులకంటిన జర్దాను కొంగుకు తుడుచుకుంది. ఎర్ర కాగితం అందుకుంది.

ఎవరూ మణికట్టు పట్టుకోలేదు. మల్లమ్మ మోకాళ్ళ మీద చెయ్యి ఆన్చి లేచి, అట్ట దాకా నడిచి, గోటితో ఒక ఎర్ర గుండ్రం లేపింది. ఇన్నేళ్ళ తర్వాత వేలి కొస మీద ఎరుపు. దాన్ని తీసుకుపోయి గేటు బొమ్మ మీద, సరిగ్గా తాళం ఉన్న చోట అంటించి, బొటనవేలితో నొక్కింది. నొక్కి నొక్కి, తాళం కనపడకుండా చేసింది.

"గిది వద్దు," అంది, భరత్ సాహెబు వైపు తిరిగి. "షెడ్డు ఎట్లనన్న గట్టుండ్రి. తాళం మాత్రం వద్దు."

ఆ తర్వాత పార్వతీబాయి. ఆ తర్వాత అందరూ. ఒకరి వెనక ఒకరు వచ్చి, తాళం మీద చోటు చాలక గేటు మీద, గేటు నిండితే కంచె మీద ఎర్రవి పెట్టారు. షెడ్డుకూ నల్లాకూ పచ్చవి పెట్టారు. పద్మ కూడా పెట్టింది, పెట్టి ఫోటో తీసింది. భరత్ సాహెబు చూస్తూ ఉన్నాడు. ఈసారి నవ్వలేదు. షెడ్డు మళ్ళీ రాయిస్తానని, తాళం, తంబాకు సంగతి పైన అడగాలని, మాటివ్వలేనని చెప్పాడు. అడగండి సార్, మేమెక్కడికి పోతం అని పార్వతీబాయి తన గోనె తెచ్చి, గేటు కోసం తవ్విన రెండు గుంతల నడుమ పరిచి కూచుంది. మల్లమ్మకు పక్కన చోటు ఉంచింది. మల్లమ్మ వెంటనే పోలేదు. చెంబెడు నీళ్ళు తాగింది, ఆకు కట్ట మీద తడిగుడ్డ సవరించింది. తర్వాత పోయి కూచుంది. మోకాలు మోకాలికి ఆనింది.

కరెంటు వచ్చింది. మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. కూలీలు కాసేపు గడ్డపారలు పట్టుకుని నిలబడి, ఆడవాళ్ళ మీదుగా తవ్వలేక, బీడీ ఒకటి ఇప్పించమని అడిగి అక్కడే కూలబడ్డారు.

పొద్దుగూకి మల్లమ్మ ఇంటికొచ్చేసరికి కావ్య నిద్రపోయింది. సంతోష్ పిల్లకు విసురుతూ తనూ కునుకుతున్నాడు. మల్లమ్మ బయట బండ మీద చేతులు తోముకుంది. మోచేతి కింద ఏదో గరుకుగా తగిలింది. ఎర్ర టిక్లీ ఒకటి, ఎప్పుడు అంటుకుందో, నీళ్ళకు కూడా ఊడకుండా అక్కడే ఉంది. లేపి వేలి మీద పెట్టుకుని, లోపలి దీపం వెలుగు పడేట్టు పట్టి చూసింది. పారేద్దామని చెయ్యి విదిలించబోయి ఆగింది. గడప పక్కన జర్దా బుట్ట, అందులో కత్తెర. దసరా నాడు పద్మ పెట్టిన కుంకుమ ఎప్పుడో చెరిగిపోయింది. మల్లమ్మ కత్తెర తీసి, దాని మెడ మీద ఆ టిక్లీ అంటించి నొక్కింది.

లోపల నుంచి పద్మ చూసింది. అత్తకు చీర అందించి, కంచంలో అన్నం పెట్టడానికి పోయింది.

మల్లమ్మ కత్తెరను బుట్టలో పెట్టి, దుమ్ము పడకుండా మీద గోనె కప్పింది. చీర మార్చుకుని లోపలికి వచ్చి, పిల్ల లేవకుండా, చప్పుడు కాకుండా తలుపు వేసింది.